బడి విడిచాక పొద్దు ఎవరిది?

సాయంత్రం బడి గంట మోగినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఉండే సమయం ఎవరిది? బడిదా, ఇంటిదా, బిడ్డదా? చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. కానీ పిల్లలను మనం మనుషులుగా చూస్తున్నామా లేదా అన్నది దీనికిచ్చే జవాబులోనే తెలుస్తుంది.

గోస్పాడు మండలం పల్లెల్లో అయినా, నల్లమల అంచున చెంచు గూడేల్లో అయినా తల్లిదండ్రుల భయం ఒకటే: "మేం చదువుకోలేదు. వీడన్నా చదవాల. ఆడుకుంటా ఉంటే పట్నం పిల్లోళ్లతో ఎట్ల సమానమైతాడు?" ఈ భయాన్ని తేలిగ్గా తీసేయకూడదు. మన ఇళ్లలో చాలామంది పిల్లలు పుస్తకం పట్టిన మొదటి తరం. వెనకబడితే ఆదుకునే చదువుకున్న మామో చిన్నాన్నో ఇంట్లో లేడు. అందుకే బడి కాగానే ట్యూషను, అది కాగానే హోంవర్కు.

అయితే మన పిల్లల అలసట ఒక పాలు ఎక్కువ. ఇంట్లో అమ్మను "యాడి" అని పిలిచే సుగాలి బిడ్డ బడిలో పొద్దంతా తెలుగు వినాలి, ఇంగ్లీషు రాయాలి. ఇంట్లో ఎరుకల భాష మాట్లాడే పిల్లకూ అంతే. ప్రతి మాటనూ మనసులో ఒకసారి తిప్పుకొని అర్థం చేసుకోవడం కూడా పనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, గోండి, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలైందంటే, ఈ భారం ఉందని ప్రభుత్వమూ ఒప్పుకున్నట్టే. అలాంటి బిడ్డకు సాయంత్రం అవ్వ పక్కన కూర్చొని సొంత భాషలో నోరారా మాట్లాడటమే మొదటి విశ్రాంతి.

"ఆడుకుంటే చదువు బాగా వస్తుంది" అని టీచర్లం చెబుతుంటాం. నిజమే కావచ్చు. కానీ విశ్రాంతికి అదొక్కటే కారణమైతే, మార్కులు పెరగని రోజు దాన్ని లాగేసుకోవచ్చన్నమాట! కూలికి పోయొచ్చిన తండ్రి అరుగు మీద కూర్చుంటే, రేపటి పని కోసమే కూర్చున్నాడని అనం. అలసిన మనిషి కూర్చుంటాడు, అంతే. బిడ్డకూ అదే న్యాయం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ ఆటనూ హక్కులుగా చెప్పింది. మన దేశం 1992లో దాన్ని అంగీకరించింది. మార్కులు వచ్చినవాళ్లకే ఈ హక్కు అని అందులో లేదు.

విశ్రాంతి అంటే పట్టించుకోకుండా వదిలేయడం కాదు, చేతికి ఫోనిచ్చి కూర్చోబెట్టడమూ కాదు. బిడ్డ ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ముందు "ఆకలైతాందా?" అని అడగాలి. పిడికెడు బొరుగులు పెట్టి, ఒక గంట ఈడు పిల్లలతో వదలాలి. నీళ్లు తేవడం, మేకలను కట్టేయడం వంటి పనులు పెద్దలతో కలిసి చేస్తే తప్పులేదు. ఆ పని ఈ గంటను మింగకుండా చూస్తే చాలు.

టీచర్లకూ బాధ్యత ఉంది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దు. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు మించకూడదు. మనం ఇచ్చేది ఎంతో లెక్కవేసుకోవాలి. ఆశ్రమ పాఠశాల బిడ్డకైతే సాయంత్రం పోయేందుకు ఇల్లు కూడా దగ్గర లేదు; లేవడం నుంచి పడుకోవడం దాకా గంట ప్రకారమే. అక్కడ ఏ గంటా మోగని సమయం కొంతైనా ఉండాలి. ఆ సమయంలో పిల్లలు తమ భాషలో నవ్వుకుంటుంటే "తెలుగులో మాట్లాడండి" అని అడ్డుపడకూడదు.

మరి పోటీ సంగతి? ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. మన పిల్లలు వెనకబడితే ముందు ఆ గంటల్లో ఏం జరిగిందో చూడాలి. పాఠం బిడ్డకు అర్థమయ్యే భాషలో సాగిందా? అసలు సాగిందా? బడి బాకీపడిన చదువును బడిలోనే తీర్చాలి. ఆ బాకీని బిడ్డ సాయంత్రం నుంచి వసూలు చేయడం న్యాయం కాదు.