చేనుకు మాగాయ పెట్టిన మనవడు

తాడేపల్లి మండలంలో కృష్ణ కరకట్టకు ఇవతల జరీబు నేలలున్నాయి. కొద్ది లోతులోనే నీళ్లు, ఏడాది పొడుగునా ఏదో ఒక పంట. పెనుమాక వైపు అలాంటి చెక్క ఒకటి సాగు చేసుకుంటూ ఒక మనవడూ, వాడి నాయనమ్మా ఉండేవాళ్లు.

ఎండాకాలంలో మనవడు వంగ నాటాడు. ఇరవై రోజులు తిరక్కుండానే పక్క చేలో వంగ మోకాలెత్తు కనబడింది. అది తనకంటే నెల ముందు నాటిందన్న సంగతి వాడికి తట్టలేదు. తన మొక్కలకు బలం చాలలేదనుకున్నాడు. యూరియా, పొటాషు కలిపి ప్రతి మొక్క మొదట్లో గుప్పెడు పోశాడు. పైపైన ఒక తడి ఇచ్చి, ఇక చూసుకో అనుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ రోజే నాయనమ్మ మాగాయకు కాయలు తరిగింది. పుల్లకాయలు చెక్కు తీసి, ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, జాడీకెత్తి వాసెన కట్టింది.

మూడో రోజు పొద్దెక్కేసరికి చేలో మొక్కలు తలలు వేలేశాయి. ఆకుల అంచులు మాడాయి. మనవడు నేల గిల్లి చూస్తే తడిగానే ఉంది. బోరు నీళ్లు మంచివి కావేమో అనుకున్నాడు. తర్వాత కల్తీ మందేమో అనుకున్నాడు. చివరికి పెట్టింది చాలలేదని తేల్చుకుని ఇంకో బస్తా కోసం ఇంటికొచ్చాడు. నాయనమ్మ అప్పుడే జాడీ విప్పి ముక్కలు పిండుతోంది.

“నేల తడిగా ఉంది, బలం మందు దండిగా వేశాను. అయినా ఎండిపోతన్నాయేంది నాయనమ్మా?”

“మందు ఎట్టా వేశావు?”

“మొక్కకో గుప్పెడు, మొదట్లోనే.”

“ఇట్రా. ఈ జాడీలో నేను చుక్క నీళ్లు పోశానా?”

“లేదు.”

జాడీ వంచి చూపించింది. ముక్కలన్నీ ఊటలో మునిగున్నాయి. ఒక ముక్క పిండి వాడి అరచేతిలో పెట్టింది. తరిగేటప్పుడు ఫెళ్లున విరిగిన ముక్క ఇప్పుడు విరవబోతే తోలులా వంగింది.

“మరి ఈ ఊట ఎక్కడిది?”

“ముక్కలోదే.”

“బయటికెవరు లాగారు?”

వాడు ఉప్పు డబ్బా వైపు చూశాడు.

“నువ్వు చేనుకు మాగాయ పెట్టావురా అబ్బాయ్! ఆ బస్తా అక్కడ దించు. పోయి మోటారెయ్యి. మడి మడికీ నీళ్లు నిండా పెట్టు. ఆ ఉప్పంతా వేళ్ల కిందికి దిగిపోవాల.”

కరెంటున్నంతసేపూ వాడు తడి మీద తడి పెట్టాడు. తెల్లారేసరికి చాలా మొక్కలు తల ఎత్తాయి. ఆకులు పూర్తిగా మాడినవి మాత్రం మళ్లీ లేవలేదు.

నీతి

అతి పనికిరాదని ఈ కథకు నీతి చెప్పేవాళ్లుంటారు. నాకది ఒప్పుదల కాదు. అంత ఎరువునూ దఫదఫాలుగా, మొదలుకు బెత్తెడు దూరంలో వేసి మట్టి కప్పి తడి పెట్టి ఉంటే మొక్కలు హాయిగా తినేవి. అసలు నీతి ఇది: పెట్టేవాడు తన చేతిలో ఎంతుందో చూసుకుంటే చాలదు, పుచ్చుకునేవాడి లోపల ఎంతుందో కూడా చూడాలి. ఇవతలికీ అవతలికీ ఉన్న తేడాను బట్టే రాకపోకలు సాగుతాయి. ఇచ్చేవాడి మంచి మనసును అక్కడ ఎవరూ అడగరు.

నీరు పల్లమెరుగు అంటాం. కణం దగ్గర పల్లమంటే ఉప్పో చక్కెరో ఎక్కువ కరిగి ఉన్న వైపు. మామూలు రోజుల్లో ఆ పల్లం వేరు లోపల ఉంటుంది, అందుకే మట్టిలోని నీరు వేరులోకి నడుస్తుంది. దీనికి కణం శక్తి ఖర్చు పెట్టదు. మనవడు గుప్పెడు పోసి పల్లాన్ని బయటికి మార్చేశాడు. కణం పొర రెండు వరసల కొవ్వు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాన్ని ఇట్టే దాటిపోతాయి. పొటాషులోని పొటాషియం, క్లోరైడు అయాన్లు ఆ కొవ్వును దాటలేవు, వాటికి వేరే దారులు కావాలి. అవి లోపలికొచ్చి తేడా సరిచేసేలోపే నీరు బయటికి పోతుంది. మొక్క మాడేది అందుకే.

ఫ్రాన్సులో అబే నొలే 1748లోనే ఇలాంటిది చూశాడు. సారాయి నింపిన పాత్ర మూతికి జంతువు మూత్రాశయపు పొర బిగించి నీళ్లలో ముంచితే పొర ఉబ్బింది. సూదితో పొడిస్తే లోపలి ద్రవం పైకి చిమ్మింది. నీరు ఇంత చురుగ్గా ఏ దారిన పోతోందన్నది మాత్రం 1990ల దాకా తేలలేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఆగ్రే రక్తంలోని ఆర్‌హెచ్ గుంపు ప్రోటీన్ కోసం వెతుకుతుంటే ఇంకో ప్రోటీన్ అడ్డొచ్చింది. దాని పనేమిటో తేల్చడానికి కప్ప గుడ్లను పట్టుకున్నారు. కప్ప గుడ్డు మంచినీళ్లలో ఉన్నా ఉబ్బదు, దాని పొర నీటిని అంత తేలిగ్గా రానివ్వదు. ఆ ప్రోటీన్ తయారయ్యేలా చేసిన గుడ్లను పలుచని నీటిలో వేస్తే నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. 1992లో బయటపడిన ఆ నీటి తలుపులే ఆక్వాపోరిన్లు. ఒక్కో తలుపు గుండా సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు పోగలవు. 2003లో ఆగ్రేకి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆ తలుపుకు నీటిని తోయడం రాదు. ఎటు పోవాలో చెప్పడమూ రాదు. అయితే తలుపులు ఎన్ని ఉండాలో తేల్చేది శరీరమే. మే నెల ఎండలో నీళ్లు తాగకుండా చేలో పని చేస్తే మెదడు నుంచి వేసోప్రెసిన్ అనే హార్మోన్ బయల్దేరుతుంది. అది చేరగానే మూత్రపిండపు కణాలు లోపల దాచుకున్న తలుపుల్ని తెచ్చి పొరలో నిలబెడతాయి. మూత్రపిండంలో ఉప్పదనం ఎక్కువున్న వైపుకు నీరు తనంతట తానే వెనక్కి మళ్లుతుంది. మూత్రం తగ్గి పచ్చబడుతుంది. గట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగితే కాసేపటికి ఆ తలుపులు మళ్లీ లోపలికి పోతాయి.