వ్రేళ్లును చెవియును

మా జక్రాన్‌పల్లిలో పియానోను నేనెన్నడును చూచి యెఱుగను. భజనమందిరములోని హార్మోనియమే నాకు తెలిసిన మెట్ల వాద్యము. తెల్లని మెట్లును నల్లని మెట్లును ఆ రెండు వాద్యములకును నొక్క వరుసనే యమరియుండునని తెలిసిన నాటినుండి, ఆ మహావాద్యమును సాధించినవారి చరిత్రలు చదువుటయు, వారి రికార్డులు వినుటయు నాకొక వ్యసనమైనది. అట్లు చదువుచుండగా నొకనాడు రెండు గురుపరంపరలు నా మనస్సులో ప్రక్కప్రక్కన వచ్చి నిలిచినవి.

త్యాగరాజస్వామి 1767లో జన్మించెను, బేతోవెన్ 1770లో. స్వామి శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు పెదకళ్లేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. బేతోవెన్ శిష్యుడు చెర్నీ, చెర్నీ శిష్యుడు లెషెటిట్స్కీ, ఆయన శిష్యుడు షనాబెల్. కావేరీతీరమున మొలచిన శాఖ కృష్ణాతీరమునకు వచ్చినట్లే, వియన్నాలో మొలచిన శాఖ బెర్లినునకు పోయినది. పంతులుగారును షనాబెలును ఇరువురును 1951లోనే గతించిరి. పంతులుగారి శిష్యుడు బాలమురళీకృష్ణ 1930లోను, షనాబెల్ శిష్యుడు లియోన్ ఫ్లైషర్ 1928లోను పుట్టిరి. సంవత్సరముల యీ పొందిక దేనిని నిరూపింపజాలదని నేనెఱుగుదును. అయినను ఒకరి నొకరు వినియెఱుగని రెండు దేశములలో, సభలో పాడువాడే యింట పాఠము చెప్పుట, ఆ పాఠమే యైదు తరములు నిలుచుట చూచినప్పుడు, కచేరీ చేయలేనివాడు పాఠము చెప్పుకొనునని లోకము తేలికగా ననుమాటయెడ నాకు గాఢమైన విముఖత కలిగినది.

షనాబెల్ బాలుడుగా నున్నప్పుడు, నీవెన్నడును పియానో వాదకుడవు కాజాలవు, నీవు సంగీతజ్ఞుడవని గురువు లెషెటిట్స్కీ చెప్పెనట. అది నిందయో దీవెనయో తెలిసికొనుటకు ఫ్లైషర్ కథ చదువవలెను.

ఫ్లైషర్ తొమ్మిదవయేట షనాబెల్ చెంత చేరెను. పదునారవయేట న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందముతో వాయించెను. 1952లో బ్రస్సెల్స్ నగరమున ఎలిజబెత్ రాణి పేరిట జరుగు పోటీలో ప్రథముడై నిలిచెను. ముప్పదియారేండ్ల ప్రాయమున, కీర్తి పరాకాష్ఠ నందుకొనుచున్న వేళ, ఆయన కుడిచేతి యుంగరపువ్రేలును చిటికెనవ్రేలును అరచేతిలోనికి ముడుచుకొనిపోజొచ్చినవి. ఫోకల్ డిస్టోనియా యను వ్యాధి యది. ఏండ్లతరబడి నొక్క చలనమునే అసంఖ్యాకముగా నావృత్తి చేయుటవలన, మెదడులో వేర్వేరుగా నుండవలసిన వ్రేళ్ల గుర్తులు ఒకదానిలో నొకటి కలిసిపోవునని వైద్యులందురు. ఏ సాధన చేతిని చేసినదో ఆ సాధనయే చేతిని హరించుట యెంత దారుణము!

అది చదివిననాడు నాకు మా తల్లి చేతులు జ్ఞప్తికి వచ్చినవి. చాట నొడిలో నుంచుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, మొన మడిచి, దారము కట్టుచు ఆమె నలువదియేండ్లు బీడీలు చేసినది. నిదురలోను ఆమె వ్రేళ్లు కదలుచుండుట నేను చిన్ననాడు దీపపు వెలుతురున చూచితిని.

ఫ్లైషర్ చావదలచునంతటి నిస్పృహకు లోనయ్యెను. పిదప ఎడమచేతికే వ్రాయబడిన కృతులను వాయించెను. మొదటి ప్రపంచయుద్ధమున కుడిచేయి కోల్పోయిన పియానో వాదకుడు పౌల్ విట్‌గెన్‌స్టైన్ కొఱకు స్వరకర్త రవెల్ రచించిన కన్చెర్టో వానిలో ముఖ్యమైనది. ఆ విట్‌గెన్‌స్టైనును లెషెటిట్స్కీ శిష్యుడే! బాల్టిమోరులోని పీబాడీ సంగీత విద్యాలయమున ఫ్లైషర్ 1959 నుండియే పాఠములు చెప్పుచుండెను. ఇక్కడనే నాకు మిక్కిలి ప్రియమైన విషయము కలదు. చేయి బాగున్ననాళ్లలో శిష్యుడు తప్పినచో వానిని ప్రక్కకు జరిపి తానే వాయించి చూపుట ఆయనకు సులభము. చేయి పోయినపిమ్మట అది సాగలేదు. స్వరము లేల నట్లుండవలెనో, రెండు స్వరముల నడుమ నిశ్శబ్దమెంత బరువుగా నుండవలెనో, మాటలు వెదకి చెప్పవలసివచ్చెను. చెప్పుటకు మునుపు వినవలసివచ్చెను. వ్రేళ్లనుండి విడివడిన సంగీతము చెవిలో చేరి నిలిచినది. అప్పుడుగాని అది తనదో, గురువుదో, ఆ గురువునకు గురువుదో విడదీయరానిదైనది. శిష్యుడు చూచి యనుకరించునది గురువు చేయి. చేయి కనబడనప్పుడు వాడు తన చేతిని తానే కనుగొనవలెను. పంతులుగారివంటివారు పాడి చూపుచునే నేర్పిరి, నిజమే. కాని బాలమురళి పాట పంతులుగారి పాటకు ప్రతిబింబము కాలేదు గదా.

ముప్పదియేండ్లకు పిమ్మట, చికిత్సలవలన ఆ వ్రేళ్లు కొంత విప్పారినవి. 2004లో 'రెండు చేతులు' అని యర్థమిచ్చు పేరుతో ఆయన రికార్డు వెలువడినది. అందు బాఖ్ కృతిని వాయించునప్పుడు తొందర యెచ్చటను లేదు. తాను వాయించుచు తానే శిష్యుని పాఠము వినుచున్నట్లుండును. తొంబదిరెండేండ్లు జీవించి 2020లో గతించెను.

ఇప్పుడు మా తల్లి వ్రేళ్లకు పట్టు లేదు. ఇరుగుపొరుగు కోడండ్రు ఆకు పట్టుకొనివచ్చి అరుగుమీద నామె చెంత కూర్చుందురు. నిన్నటి సాయంకాలము ఒక పిల్ల చాటలోనుండి మా తల్లి యొక బీడీని తీసి, బొటనవ్రేలితో మెల్లగా నొత్తి చూచి, తిరిగి ఆ పిల్ల చేతిలోనే పెట్టి, “బిర్రుగ చుట్టుతలేవు బిడ్డా. ఇప్పి మళ్ల చుట్టు, నేను చూస్త” అన్నది.