సాక్షుల్లేని నమాజు

మమ్మల్ని అందరూ రుజువులే అడుగుతారు. బయటివాళ్లు దేశభక్తికి రుజువు అడుగుతారు. మావాళ్లు ముసల్మానుతనానికి రుజువు అడుగుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులోళ్లం గనక ఈ రెండో పరీక్ష మాకు అదనం. 'ఉర్దూ రాదు, నువ్వేం సాయిబువి?' అన్న మాట బెజవాడ వన్‌టౌన్‌లో చిన్నప్పుడే విన్నాను.

ఏ రుజువూ అక్కర్లేని నమాజు ఒకటుంది. తహజ్జుద్. రోజూ ఐదు పూటలా చేసేవి ఫర్జు. వాటికి అజాన్ ఉంది, జమాత్ ఉంది, రాకపోతే అడిగేవాళ్లున్నారు. తహజ్జుద్ నఫిల్. ఇషా చేసి నిద్రపోయి, ఫజర్ వేళ కాకముందే లేచి చేసేది. రాత్రిలో చివరి మూడోభాగం దానికి మేలైన వేళ. రెండేసి రకాతుల చొప్పున ఎవరి ఓపిక వాళ్లది. పిలుపు లేదు, మానేస్తే పాపం లేదు. ఖురాన్‌లో ముజ్జమ్మిల్ సూరా మొదట రాత్రి సగం దాకా నిలబడమంటుంది. చివరికొచ్చేసరికి జబ్బుపడ్డవాళ్లనీ, బతుకుతెరువు కోసం తిరిగేవాళ్లనీ తలచుకుని, వీలైనంత చదివితే చాలంటుంది. ఒళ్లు అలిసినవాళ్ల సంగతి అల్లాకి తెలుసన్నమాట.

మా నాయనమ్మకి తెలిసింది ఆ అలసటే. పగలంతా దూదేకి పరుపులు కుట్టేది. అయినా తెల్లారుజామున మూడింటికి, స్టేషన్లో బండి కూసే వేళకి లేచేది. మా నిద్ర చెడుతుందని లైటు వేసేది కాదు. చప్పుడు కాకుండా నీళ్లు ముంచుకుని వజూ చేసేది. ఆమెకొచ్చినవి నాలుగైదు చిన్న సూరాలు. సలాం తిప్పాక చేతులెత్తి తెలుగులోనే దువా చేసేది. ఆ వేళ ఉర్దూ రాదేమని అడిగేవాళ్లు లేరు.

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చాక నేను టోపీ లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. అది భక్తి కాదు, పౌరుషం. ఒక రాత్రి మెలకువొచ్చి ఆమె దువా విన్నాను. మా పేర్లన్నీ అయ్యాక, ఎదురింటి హిందువుల అమ్మాయికి పురుడు సుఖంగా పోయించమని అడుగుతోంది. అప్పటికి కొన్నాళ్లుగా ఆ ఇంటివాళ్లు మాతో మాట్లాడటం లేదు. పొద్దున్నే నిలదీశాను.

"ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది గదరా. వాళ్లు మాట్లాడకపోతే నేను అడగటం మానేత్తానా?" అంది.

పగటి గుర్తింపు వద్దని అనను. పేరు వినగానే అద్దెకి ఇల్లు లేదనే చోట, నేను ముసల్మాన్నని గట్టిగా అనాల్సిందే. అది హక్కు. కానీ ఎదుటివాడి చూపుకి జవాబుగా మాత్రమే నిలబడ్డ అస్తిత్వం వాడి చేతిలోదే. వాడు చూడటం మానేస్తే నాలో మిగిలేదేమిటి? తహజ్జుద్ అడిగేది ఇదే. ఆ నమాజుని కూడా నలుగురిలో చెప్పుకుని, తెల్లారి కూలివాడి డబ్బులు కోసేవాళ్లని చూశాను. వాళ్లు చేసింది రాత్రి నమాజు కాదు, పగటి నమాజే.

నాయనమ్మ పోయింది. ఇది రాసి ఆమె గుట్టు నేనే బయటపెట్టాను. ఎదురింటి పిల్లకి మాత్రం ఇప్పటికీ తెలీదు.