పందెపు సొమ్ము – స్వామి ముడుపు

గోవా రాజధానియైన పణజి నగరమును ఒరసికొని మాండవీ నది ప్రవహించును. సాయంసమయమున ఆ నదిలో లంగరు వేసిన పెద్ద నౌకలు దీపకాంతులతో వెలుగొందును. అవి జూదశాలలు. జూదమును అరికట్టుటకై 1976లో చేసిన చట్టమును 1992లో సవరించి, పంచతార హోటళ్లలో యంత్రములపై ఆడు జూదమునకు అనుమతించిరి. 1996లో మరల సవరించి, తీరమున కావల నౌకలపై బల్లల చుట్టును ఆడు జూదమునకును త్రోవ తెరచిరి. 2020లో గోవా వాసులకు మాత్రము ఆ జూదశాలలలో ప్రవేశము నిషేధించిరి. తన బిడ్డలకు వడ్డింపని వంటకమును అతిథికి వడ్డించుట ఏ గృహధర్మము?

అట్టి చోటికి పోవుచు, “గెలిచినచో పదవవంతు స్వామి హుండీకి” అని మ్రొక్కుకొను భక్తుడొకడు ఉండవచ్చును. చట్టము సమ్మతించినది, స్వామికి భాగము ముట్టుచున్నది, ఇక దోషమెక్కడ నని అతని వాదము.

ఆ ధనము ఎచ్చటి నుండి వచ్చినదో విచారింపవలెను. రౌలెట్ అను చక్రములో ఒక రకమునకు సున్నతో కూడి 37 గడులుండును. ఒక అంకెపై రూపాయి ఒడ్డి గెలిచినవానికి, ఆ రూపాయి గాక 35 రూపాయలు ఇత్తురు. 37 గడులపైనను ఒక్కొక్క రూపాయి ఒడ్డినచో చేతికి వచ్చునది 36 రూపాయలే. మిగిలిన రూపాయి జూదశాలది. గెలిచినవాని లాభమంతయు ఓడిన తోటివారి సొమ్మే. అది ఒక ఇంటి బియ్యము కావచ్చును, ఒక బిడ్డ చదువు కావచ్చును. అందు పదవవంతు హుండీలో వేయుట, తక్కిన తొమ్మిది వంతులకు స్వామిని పూచీగా నిలుపుటయే గదా!

గీత పదవ అధ్యాయమున భగవానుడు వంచించువానిలో ద్యూతమును తానేనని పలికెను గదా యని కొందరందురు. వంచనల వరుసలో చేర్చుటయే దాని స్వరూపమును తెలుపుచున్నది. ధర్మరాజంతటివాడు దానికి లోబడి తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. భాగవతమున పరీక్షిన్మహారాజు కలికి నివాసముగా చూపిన తావులలో మొదటిది ద్యూతమే.

మరి తిరుమలలో స్వామి హాథీరాంజీ బావాజీతో పాచికలాడెనని ప్రసిద్ధి గదా! బావాజీ కోరినది స్వామి సాన్నిధ్యమే. ఆట ముగిసిన పిమ్మట స్వామి హారము తనకడ మిగిలిపోగా, దానిని తిరిగి అప్పగించుటకే అతడు ఆలయమునకు బయలుదేరెనని కథ. ఆట దోషము కాదు. ఎదుటివాని నష్టమును తన లాభముగా కోరుట దోషము.

నౌక ఒడ్డును విడువవచ్చును, చట్టము చూచియు ఊరకుండవచ్చును. అంతర్యామి ఆ నౌకలోనే యున్నాడు. ఇదివరకే అట్టి మ్రొక్కు మ్రొక్కినవాడు, ఇకపై ఆడనను మాటనే స్వామి పాదములకడ ముడుపుగా నుంచుట మేలు. శ్రీనివాసుడు దానిని తప్పక స్వీకరించును.