గని, చెరువు

మా కోలారు సీమలో రెండు రకాల ఆస్తులున్నాయి. ఒకటి గని, రెండోది చెరువు. సాఫ్ట్‌వేర్ మీద వాదన వచ్చినప్పుడల్లా నాకు ఈ రెండే గుర్తుకొస్తాయి.

కె.జి.ఎఫ్. గనులను 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేపట్టింది. లండన్‌లో వాటాలు కొన్నవాళ్ళు ఈ నేలను చూడనక్కర్లేదు, లాభం చేతికందితే చాలు. డబ్బు పెట్టేవాడు అడిగేది ఒకటే: దీనికి సొంతదారెవరు? పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీని అతను నమ్మేదీ అందుకే. తలుపుకు తాళముంది గనుక అద్దె వస్తుంది. ప్రోగ్రామరు అడిగేది వేరు: లోపలికి చూడనిస్తారా, చెడితే నేను బాగుచేసుకోవచ్చా అని. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్ అన్నాడు. అదే కంపెనీ 2018లో, ప్రోగ్రామర్లు కోడు దాచుకునే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడు ఐ.బి.ఎం. రెడ్ హ్యాట్‌కు 3,400 కోట్ల డాలర్లు పోసింది. (అప్పుడైనా కొన్నది చెరువును కాదు, గట్టు మీది అంగడిని!)

మనబోటి అల్పసంఖ్యాకులకు ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు. ఒకప్పుడు నేను ఒక కంపెనీ ఫాంటులో కంపోజు చేయించిన వ్యాసాలు ఇవాళ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ఆ ఫాంటు లేకుంటే నా తెలుగు నాకే అందదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంటులు ఉచితంగా ఇచ్చారు. కోలారులో తెలుగు చదివేవాళ్ళ కోసం ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది?

గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. పంపులు ఆగి సొరంగాలు నీళ్ళతో నిండాయి. తరతరాలుగా అందులో దిగినవాళ్ళకు దాన్ని తెరిచే హక్కు లేదు.

అయితే చెరువును పొగిడి ఊరుకోలేను. తూము తీసి మడిమడికీ నీళ్ళు పంచే నీరుగంటికి కళ్ళంలో గింజలు కొలిచేవారు. ఆ కొలత ఆగిన ఊళ్ళలో చెరువులు పూడిపోయి తుమ్మచెట్లు మొలిచాయి. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు చూసిందీ ఇదే. లెక్కలేనన్ని వెబ్‌సైట్లకు కాపలా కాసే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.కు పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషి! గింజలు కొలవనివాళ్ళలో పెద్ద కంపెనీలూ ఉన్నాయి.

నా మటుకు నేను పూడిక తీతకే ఒక రోజు కూలి ఇస్తాను. బెంగళూరులో కోడు రాసే మన పిల్లలను పిలిస్తే, "ఆదివారం కూడా ఆఫీసు పనే పెద్దనాయనా" అంటారు. వాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు.