మిత్రుని సాయం, మనుష్య ఋణం

ఇంట్లో కంప్యూటరు మొండికేసినప్పుడు మిత్రుడు వచ్చి బాగుచేసి పోతే ఆ సాయానికి బదులేమి ఇవ్వాలి, అసలు ఇవ్వవచ్చునా అన్నది పైకి చిన్న ప్రశ్నే గాని, ధర్మచింతనలో దీని మూలాలు చాలా లోతైనవి. బ్రాహ్మణుడు దేవ, ఋషి, పితృ ఋణాలనే మూడు బాకీలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పగా, శతపథ బ్రాహ్మణం ఆ మాటను పుట్టిన ప్రతివానికీ వర్తింపజేసి, మనుష్య ఋణాన్ని, అంటే తోటివారికి పడిన బాకీని నాలుగవదిగా చేర్చి, ఆశ్రయమిచ్చి అన్నం పెట్టడం వల్ల అది తీరుతుందని నిర్ణయించింది. భగవద్గీత 17వ అధ్యాయం మరింత కఠినమైనది. తిరిగి ఉపకారం చేయనివానికి దేశకాలపాత్రాలెరిగి ఇచ్చినదే సాత్త్విక దానమనీ, ప్రత్యుపకారం కోరి ఇచ్చినది రాజసమనీ అది విభజిస్తుంది.

గౌతమీ తీరాన అరటి మార్కెట్టుకు పేరుపడిన రావులపాలెంలో సాయం చేసినవాని ఇంటికి చక్కెరకేళి గెల పంపితే, అది కూలీయా, మర్యాదా?

ఒక మామూలు మరమ్మతును దగ్గరగా చూస్తే చిక్కు తెలుస్తుంది. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు కూడా లోపలి గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. వెబ్‌సైట్లు తమ గుర్తింపుగా చూపే ధ్రువపత్రాలకు కాలపరిమితి ఉంటుంది గనుక, తేదీ పొసగక బ్రౌజరు బ్యాంకు సైటును తెరవనివ్వదు. యజమాని నెట్ పోయిందని కేబులువానిని తిట్టుకుంటుంటే, మిత్రుడు తెర మూలనున్న తేదీ చూసి, పెట్టె మూత విప్పి, గోటితో బిళ్లను మీటి కొత్తది పెడతాడు. బిళ్ల ఖరీదు ఇవ్వవచ్చు గాని, ఆ చూపుకు ధర కట్టబోతే మిత్రుడు మెకానిక్కుగా మిగులుతాడు.

దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం ఉపకారి మిత్రుని లక్షణాలలో ఏమరుపాటున ఉన్నవాని ఆస్తిని కాపాడటాన్నీ, అవసరానికి మించి రెండింతలు ఇవ్వటాన్నీ చెప్పింది. పోతూ పోతూ పెళ్లి ఫొటోలనూ పొలం కాగితాల స్కాన్లనూ వేరే డిస్కులోకి ఎక్కించి, ఆ ఫైళ్లలో ఒక్కటీ విప్పి చూడనివాడు ఈ కోవలోనివాడే; చూడకపోవడమే బహుశా పెద్ద ఉపకారం.

గీత పెట్టిన షరతు ఇచ్చేవాని మనసుకు సంబంధించినది, శతపథం విధించినది పొందినవాని మీద. కాబట్టి ఆశించకుండా చేసినవానికి గెల అందినంత మాత్రాన అతని సాయం రాజసం కాదు. అయితే గెల పంపేటప్పుడే వచ్చే నెల ప్రింటరు సంగతి మనసులో మెదిలితే, గీత లెక్కన రాజస దానం చేస్తున్నవాడు సాయం పొందినవాడే అవుతాడు.