కప్పుకునే హక్కు, తీసివేసే హక్కు

స్త్రీ కట్టూబొట్టూ గురించి మన సమాజంలో ప్రతివారికీ ఒక అభిప్రాయం ఉన్నది. అభ్యుదయవాదులకూ ఉన్నది. ముస్లిం కుటుంబంలో పుట్టిన స్త్రీ బురఖా వేసుకుంటే, ‘పాపం, ఆచారం’ అని మనవాళ్ళు జాలిపడి ఊరుకుంటారు. కాని వేరే మతంలో పుట్టి పెరిగి, చదువుకుని, ఆ తరువాత ఇస్లాం స్వీకరించి తల కప్పుకున్న స్త్రీ విషయంలో ఆ జాలి పనికిరాదు. ఆమె ఆచారం కొద్దీ కప్పుకోలేదు, నిర్ణయించుకుని కప్పుకున్నది. స్వేచ్ఛ కావాలనే మనం, స్వేచ్ఛగా తీసుకున్నట్టు కనిపించే నిర్ణయం మనకు నచ్చనప్పుడు ఏం చెయ్యాలి? ఇదే నేను పరిశీలించదలచిన ప్రశ్న.

దీనికి మనలో రెండు జవాబులు వినిపిస్తాయి. బురఖా భూస్వామ్య బానిసత్వానికి గుర్తు, ఎవరు వేసుకున్నా, ఎందుకు వేసుకున్నా అంతే అన్నది ఒకటి. అది ఆమె ఇష్టం, మనకేమీ సంబంధం లేదన్నది రెండవది. మొదటి జవాబు గుడ్డను చూస్తుంది గాని మనిషిని చూడదు. రెండవది మనిషిని చూస్తుంది గాని ఆ మనిషి చుట్టూ ఉన్న సమాజాన్ని చూడదు.

గుడ్డకు దానంతట దానికి అర్థం లేదని చరిత్రే చెబుతున్నది. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు పై కులాలవారి ఎదుట రొమ్ము కప్పుకోరాదన్న కట్టుబాటు ఉండేది. 19వ శతాబ్దంలో క్రైస్తవం స్వీకరించిన నాడార్ స్త్రీలు రవికలు తొడిగితే, వాటిని నడివీధిలో చించారు, ఇళ్ళు తగులబెట్టారు. చివరకు 1859లో రాజు ప్రకటన చేసి కప్పుకునే హక్కు ఇచ్చాడు. అప్పుడు కూడా పై కులపు స్త్రీల మాదిరిగా మాత్రం కప్పుకోరాదని షరతు పెట్టాడు! అక్కడ మతం మారిన స్త్రీ ఒళ్ళు కప్పుకోవటమే తిరుగుబాటు. ఈజిప్టులో 1923లో హుదా షారావి కైరో రైల్వే స్టేషనులో ముఖం మీది ముసుగు తొలగించటమూ తిరుగుబాటే. ఒకచోట కప్పటం, ఇంకొకచోట తీయటం. రెండుచోట్లా స్త్రీ ఎదిరించింది మాత్రం తన ఒంటి మీద ఇతరుల పెత్తనాన్నే.

ఈ సంగతి మరిచినప్పుడు వామపక్షం కూడా దెబ్బ తిన్నది. సోవియట్ ఉజ్బెకిస్తాన్‌లో 1927లో ‘హుజూం’ అనే ఉద్యమం ప్రారంభించి, మార్చి 8న స్త్రీల చేత బహిరంగ సభల్లో ముసుగులు తగులబెట్టించారు. ఉద్దేశం మంచిదే. కాని ముసుగు తీసిన స్త్రీ మర్నాడు వెళ్ళవలసింది అదే ఇంటికి, అదే వీధికి. తీసినందుకు వందలాది స్త్రీలు హతులైనారు. చాలామంది మళ్ళీ ముసుగు వేసుకున్నారు. ఇరాన్‌లో 1936లో రాజు పోలీసుల చేత ముసుగులు లాగించాడు. 1979 విప్లవం తరువాత వచ్చిన పాలకులు పోలీసుల చేతనే ముసుగులు వేయించారు. 2022 సెప్టెంబరులో మహసా అమీని అనే యువతి అటువంటి పోలీసుల నిర్బంధంలో ఉండి చనిపోయింది. పాలకులు మారినా లాఠీ మారలేదు.

ఇక ‘అది ఆమె ఇష్టం’ అనే జవాబు. మతం మారిన స్త్రీకి ఇష్టమంటూ ఉంటుందని మన వ్యవస్థ అసలు నమ్మదు. ఎవడో మాయ చేసి ఉండాలంటుంది. కేరళలో హోమియోపతి చదివిన హాదియా ఇస్లాం స్వీకరించి పెళ్ళి చేసుకుంటే, 2017లో హైకోర్టు ఆ పెళ్ళిని రద్దు చేసి, 24 ఏళ్ళ మనిషిని తల్లిదండ్రుల సంరక్షణకు అప్పగించింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. పురుషుడు మతం మారితే ‘మారాడు’ అంటారు, స్త్రీ మారితే ‘మార్చారు’ అంటారు. ఈ క్రియాపదంలోనే పితృస్వామ్యం ఉన్నది.

ఐతే ఇష్టం గాలిలో పుట్టదు. తిరువూరులో దళిత కుటుంబంలో పుట్టి ఇస్లాం స్వీకరించిన స్త్రీ ఒకామె ఉన్నదనుకుందాం. తిరువూరు షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన శాసనసభ స్థానం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకూ, 1956 నుంచి సిక్కులకూ, 1990 నుంచి బౌద్ధులకూ మాత్రమే షెడ్యూల్డు కుల హోదా ఉన్నది. కనుక మతం మారిన మర్నాటి నుంచి ఆమె ఆ ఊళ్ళో ఓటు వెయ్యగలదు గాని, అక్కడ పోటీ చెయ్యలేదు. మారిన తరువాత ఆమెకు పుట్టే పిల్లలకు, హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షను ప్రకారం, హిందువులైన బంధువుల ఆస్తిలో వారసత్వం లేదు. భర్త హిందువుగానే ఉంటే, ఆమె మతం మారటమే అతనికి విడాకులు కోరే కారణమవుతుంది. మతస్వేచ్ఛ రాజ్యాంగంలో ఉన్నది, దాని ఖరీదు ఇతర చట్టాలలో ఉన్నది.

దైనందిన జీవితం ఇంతకంటె సూక్ష్మంగా వసూలు చేస్తుంది. అద్దె ఇంటికి పోతే పేరు అడుగుతారు. పుట్టింటికి పోతే అమ్మ ఏ గిన్నెలో వడ్డించాలా అని తడబడుతుంది. కొత్త బంధువుల ఇంట్లో ఉర్దూ రాకపోవటం లోపమవుతుంది. నిజానికి మన కృష్ణా, గుంటూరు సీమల్లో దూదేకులవారు, నూర్‌బాషాలు తరతరాలుగా తెలుగు మాట్లాడే ముస్లింలే. వాళ్ళ ఆడవాళ్ళు చీరలే కట్టారు. అటువంటి చోట కూడా మతం మారిన స్త్రీ నిండుగా కప్పుకోవలసి వస్తున్నదంటే కారణమేమిటి? పుట్టుకతో ముస్లిమైన స్త్రీని ఎవరూ రుజువు అడగరు. ఈమెను రెండు పక్షాలవారూ అడుగుతారు. ఆమె బురఖాలో భక్తి ఉండవచ్చు, మనశ్శాంతి ఉండవచ్చు, కులం పేరుతో పిలిచే వీధి నుంచి దాగే చోటూ ఉండవచ్చు. వాటితోపాటు గుర్తింపు కార్డు కూడా ఉన్నది.

దీనిలోకి బజారు ప్రవేశించింది. ఒకప్పటి నల్లబురఖా స్థానంలో రంగుల అబాయాలు, కుట్టుపని స్కార్ఫులు వచ్చాయి. 2016లో ఇటలీకి చెందిన డోల్చే అండ్ గబ్బానా అబాయాలు తయారుచేసింది, 2017లో నైకీ కంపెనీ ఆటలాడే స్త్రీలకు హిజాబు ప్రకటించింది. చూపును తప్పించుకోవటానికి పుట్టిన దుస్తులను, చూపును ఆకర్షించే సరుకుగా అమ్ముతున్నారు. పెట్టుబడికి నగ్నత్వం మీదా ప్రేమ లేదు, అణకువ మీదా ప్రేమ లేదు. దానికి కావలసింది కొనుగోలుదారు. ఐనా నచ్చిన రంగు ఎంచుకునే స్త్రీ ఆనందాన్ని నేను ఎగతాళి చెయ్యను. పట్టుచీర కొనే స్త్రీని మనం ఎగతాళి చేస్తున్నామా?

కనుక ‘ఆమె ఎంచుకున్నదా?’ అని అడిగితే చాలదు. ‘రేపు వద్దనుకుంటే తీసివేయగలదా? దానికి ఆమె ఏం చెల్లించాలి?’ అని అడగాలి. అదే గొంతుతో, ‘వేసుకుంటే ఏం చెల్లించాలి?’ అనీ అడగాలి. 2022లో కర్ణాటక కాలేజీల్లో తల కప్పుకున్న బాలికలను గేటు దగ్గర ఆపినప్పుడు వాళ్ళు చెల్లించిన ధర చదువు. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ ఈ విషయంలో చెరొక తీర్పు ఇచ్చారు. న్యాయమూర్తులు ఏకీభవించలేకపోవచ్చు గాని, బాలికను బడి నుంచి గెంటివేస్తే ఆమె విముక్తి పొందదని మనం ఏకీభవించవచ్చు.

ఒక ఆక్షేపణ ఉన్నది. ఈమెను సమర్థిస్తే, ఇంట్లో బలవంతంగా ముసుగు వేయించుకుంటున్న పిల్లకు అన్యాయం చేసినట్టు కాదా అని. ఇద్దరికీ ఒకే కొలత వాడితే కాదు. మొదటి ఆమె ముసుగు లాగేవాడినీ, రెండవ ఆమెకు ముసుగు వేసేవాడినీ ఒకే నోటితో ఖండించవచ్చు. పురుషుడి చూపుకు స్త్రీ పూచీపడాలన్న భావాన్ని నేను అంగీకరించను. ఖురాను 24వ అధ్యాయంలో కూడా చూపు దించుకోవాలన్న ఆదేశం ముందు పురుషులకే వస్తుంది, ఆ తరువాతనే స్త్రీల ప్రస్తావన. ఈ వరుసను మరిచిన మతపెద్దలతో వాదం పెట్టుకోవలసిందే. కాని ఆ వాదంలో గెలుపోటములు ఆ స్త్రీ నెత్తిమీది గుడ్డను బట్టి తేల్చరాదు.

స్వేచ్ఛకు పునాది మాటల్లో లేదు. సొంత సంపాదన, చదువు, ఆస్తిలో వాటా, అవసరమైతే విడిగా బ్రతకగల ఇల్లు, మతం మార్చుకోకుండానే పెళ్ళాడగల అవకాశం, వీటిలో ఉన్నది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళికి ముందు 30 రోజుల నోటీసు పెట్టాలి. అంటే కుటుంబాలకూ గూండాలకూ నెల గడువు ఇచ్చినట్టే. మనం పోరాడవలసింది అటువంటి చోట. ఆ పునాదులు ఏర్పడిన తరువాత కూడా తిరువూరు స్త్రీ తల కప్పుకునే నడిస్తే, అది ఆమె విశ్వాసం, మనం గౌరవించాలి. తీసివేసి నడిస్తే అదీ ఆమె విశ్వాసమే. ఆ పునాదులు లేనంతకాలం, ఆమె కప్పుకున్నా తప్పే, తీసినా తప్పే అనే సమాజంలో మనమూ భాగస్వాములమే.